తాటాకు నుంచి తెర దాకా: మన సీమ గ్రంథాలయాలు, మన కళాకారులు

స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడిగారు. "మన ప్రాంతం నుంచి ఎదిగిన కళాకారుల గురించి రాయరాదూ" అన్నారు. కాగితాలు ముందేసుకుని కూర్చుంటే కళాకారుల కన్నా ముందు మన బడిలోని రెండు పుస్తకాల బీరువాలు గుర్తొచ్చాయి. హెడ్మాస్టరు గారి గది పక్కన, పగలు కూడా చీకటిగా ఉండే చిన్న గదిలో ఉండేవి. శనివారం చివరి పీరియడులో తెలుగు మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి, ఒక్కొక్కరి ముఖం చూసి ఒక్కో పుస్తకం చేతికిచ్చేవారు. వేలు తడి చేసి పేజీ తిప్పితే ఊరుకునేవారు కాదు. "పుస్తకం కంచం కాదురా, ఎంగిలి చెయ్యడానికి" అనేవారు. ఆ మాట విన్నవాళ్లు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు.

బందరు, గుడివాడ, దివిసీమ అనగానే మనం కళల గురించి గొప్పగా చెప్పుకుంటాం. కూచిపూడి మనది, క్షేత్రయ్య మనవాడు, ఎన్టీఆర్, ఏఎన్నార్, ఘంటసాల మనవాళ్లు. అంతా కృష్ణమ్మ నీటి మహిమ అంటాం. నీళ్లు పంటను పండిస్తాయి, నిజమే. కానీ పండిన గింజను మరుసటి ఏటికి దాచిపెట్టే గాదె ఒకటి ఉండాలి. మన కళలకు అలాంటి గాదెలు ఏవి, వాటిని ఎవరు కట్టారు, వాటిలోంచి ఎవరికి ఏం దొరికింది అన్నదే ఈ వ్యాసం.

అటక మీది తాటాకులు

అచ్చు రాకముందు మన గ్రంథాలయం ఇంటి అటక మీదే ఉండేది. కూచిపూడిలో భాగవతుల కుటుంబాలు భామాకలాపాన్ని, యక్షగానాలను తరతరాలుగా తాటాకుల మీద, ఆ తరువాత కాగితాల మీద రాసుకుని కాపాడుకున్నాయి. పక్కనే ఉన్న మొవ్వలో వేణుగోపాలుణ్ణి కొలిచిన క్షేత్రయ్య పదాలు దక్షిణాదినంతా తిరిగి అక్కడి పాటగత్తెల, నర్తకుల దగ్గర బతికాయి. కొంత రాతలో, కొంత గొంతులో.

తాటాకుకు ఆయుష్షు తక్కువ. చెదలు, తేమ, నిప్పు, అన్నిటికీ మించి మన సముద్రం. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారని చెబుతారు. మనుషుల లెక్కే సరిగా తేలని చోట, ఇళ్లతోపాటు కొట్టుకుపోయిన తాటాకు కట్టల లెక్క ఎవరు రాస్తారు? పైగా అటక మీది పుస్తకం ఆ ఇంటివాళ్లదే. గడప దాటి బయటి కులం వాడి చేతికి, బయటి ఊరి వాడి చేతికి వచ్చేది కాదు. ఇంట్లోని ఆడవాళ్లకు కూడా అందరికీ అందేది కాదు.

ఆ కట్టల్లో కొన్ని మనదాకా వచ్చాయంటే ఇంటి అటక దాటి పెద్ద భాండాగారానికి చేరడం వల్లే. కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి వెంట తిరిగిన పండితులు ఊరూరా కైఫీయత్తులు సేకరించారు. వాటిలో మాచుపల్లి కైఫీయత్తు ఒకటి. కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆడి, సిద్ధవటం సీమ పాలకుడి దుర్మార్గాన్ని ప్రదర్శనలోనే బయటపెట్టారన్న ఉదంతం అందులో ఉంది. 1950ల చివర కూచిపూడి శాస్త్రీయ నృత్యమా కాదా అనే వాదం లేచినప్పుడు మనవాళ్లకు ఆట ఒక్కటే సరిపోలేదు, రాతపూర్వకమైన ఆధారాలూ కావలసి వచ్చాయి. ఎప్పుడో ఎవరో రాయించి దాచిన కాగితం ఒక నాట్యానికి సాక్ష్యం చెప్పింది.

బందరులో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి తెలుగు గ్రంథాలకు ప్రతులు రాయించాడు. మెకంజీ సేకరణ, బ్రౌన్ సేకరణ చివరికి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరాయి.

పెదకళ్ళేపల్లి వారు

ఆ భాండాగారం తలుపు తీసి లోపలున్నదాన్ని తెలుగువాళ్ల చేతిలో పెట్టినవారిలో ముఖ్యుడు మన దివిసీమవాడే. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1888లో పెదకళ్ళేపల్లిలో పుట్టారు. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారి శిష్యులయ్యారు. మద్రాసు భాండాగారంలో చాలా ఏళ్లు పనిచేసి, ఎవరూ విప్పని కట్టలు విప్పి చదివారు. చాటుపద్య మణిమంజరి, పీఠికతో బసవపురాణం, క్రీడాభిరామం ఆయన చేతి మీదుగా వెలుగులోకి వచ్చాయి. ఓరుగల్లు వీధుల్లో ఎలాంటి ఆటలు ఆడేవారో, ఎలాంటి పాటలు పాడేవారో మనకు క్రీడాభిరామం చెబుతుంది. అలాంటి పుస్తకం అచ్చులో ఉంటే నాటకం రాసేవాడికి, బొమ్మ వేసేవాడికి, నాట్యం కూర్చేవాడికి ఎంత ముడిసరుకో వేరే చెప్పాలా?

తరువాత ఆయన తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకు వెళ్లారు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో తాళ్లపాక వారి రాగిరేకులు దొరికాయి. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి, రేకుల మీద మిగిలినవి 12 వేలకు పైగా. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, ప్రభాకరశాస్త్రి వంటి పండితులు వాటిని చదివి అచ్చుకు సిద్ధం చేశారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎన్నో పాటలకు స్వరాలు కట్టారు. చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రను ప్రభాకరశాస్త్రి గారు విపులమైన పీఠికతో ప్రకటించారు. ఇవాళ మన ఇళ్లలో పెళ్లిచూపులకు కూడా పిల్లలు అన్నమయ్య కీర్తన పాడుతున్నారంటే, నాలుగు శతాబ్దాలు చీకటి గదిలో నిద్రపోయిన రేకులను ఎవరో గుడ్డతో తుడిచి, కళ్లు చికిలించి చదివినందువల్లనే.

అదే పెదకళ్ళేపల్లిలో సంగీతానికీ ఒక భాండాగారం ఉండేది. అయితే అది మనిషి రూపంలో ఉండేది. సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి గారు త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిన విద్వాంసులు. వారి దగ్గర నేర్చుకున్న శ్రీకాకుళం వాస్తవ్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఆ విద్యను మంగళంపల్లి బాలమురళీకృష్ణకు అందించారు. కాబట్టి కళ అంతా పుస్తకాల్లోంచే వచ్చిందని నేను అనను. గురువు గొంతులో ఉన్నది బీరువాలో దొరకదు. కానీ శిష్యుడు ఒక్కడే ఉండి, వాడికి దగ్గొస్తే పోయేదాన్ని బీరువా కాపాడుతుంది. రెండూ ఉన్న ఊరు పెదకళ్ళేపల్లి. ఆ ఊరి వేటూరి వంశంలోంచే సినీకవి వేటూరి సుందరరామమూర్తి వచ్చారు.

బందరులో ఒక కాలం

ఇక బందరు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుంచి 1945లో కన్నుమూసే దాకా ముట్నూరి కృష్ణారావు గారు దానికి సంపాదకులు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య గార్లు ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. అక్కడ యంత్రాల పని నేర్పిన చోటే చిత్రకళ కూడా నేర్పారు. 1920ల ఆరంభంలో బెంగాల్ నుంచి ప్రమోద కుమార చటర్జీ వచ్చి చిత్రకళ బోధించారు. ఆయన వద్ద కుంచె పట్టిన అడివి బాపిరాజు గారు తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. నవలలూ రాశారు, బొమ్మలూ వేశారు.

కృష్ణాపత్రిక ఆఫీసు, జాతీయ కళాశాల, నోబుల్ కళాశాల, హిందూ హైస్కూలు అన్నీ కాలినడక దూరంలోనే. దేశంలో వచ్చే పత్రికలు పత్రికాఫీసు బల్ల మీద ఉండేవి. వచ్చినవాళ్లు చదివేవారు, వాదించుకునేవారు. గ్రంథాలయం అని బోర్డు లేకపోయినా అది చేసే పని అదే.

ఆ వాతావరణం ఎవరిని తయారు చేసిందో చూడండి. జాతీయ కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగు చదివిన పింగళి నాగేంద్రరావు గారు ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగు చేశారు, సొంత నాటకాలు రాశారు, చివరికి పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు మాటలు రాశారు. బందరువాడే అయిన కమలాకర కామేశ్వరరావు గారు కృష్ణాపత్రికలో సినిమా విమర్శలు రాస్తూ రాస్తూ దర్శకులయ్యారు. ఆయన 1963లో తీసిన నర్తనశాలలో బృహన్నల నిమ్మకూరు వాస్తవ్యులు ఎన్టీఆర్. సంగీతం పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి గారిది, పైన చెప్పిన శాస్త్రి గారి మనవడు. కథ తిక్కన గారి విరాటపర్వం. ఈ సీమ మనుషులు, ఈ భాష మహాకావ్యం ఒక తెర మీద కలిశాయి. ఆ విరాటపర్వం చదివినవాళ్లు ఊరికి పదిమంది లేకపోతే ఆ సినిమా తీయాలన్న ఊహ ఎవరికి వస్తుంది, వచ్చినా ఎవరికి అర్థమవుతుంది?

పుస్తకం గడప దాటింది

పుస్తకం అందరిదీ కావాలన్న మాట ఉద్యమంగా మొదలయింది కూడా ఇక్కడి నుంచే. అయ్యంకి వెంకటరమణయ్య గారు 1910లో బందరు నుంచి ఆంధ్రభారతి అనే సచిత్ర మాసపత్రిక నడిపారు. ఆ తరువాత ఆయన బెజవాడలో రామమోహన గ్రంథాలయాన్ని కేంద్రంగా చేసుకుని, 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులందరినీ ఒకచోట చేర్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు ఆ సభకు అధ్యక్షులు. చూపు మందగించిన ఒక మహారచయితను పుస్తకాల సభకు పెద్దగా కూర్చోబెట్టడం ఎంత ముచ్చటైన సంగతి! అక్కడ పుట్టిన సంఘం ఊరూరా గ్రంథాలయాలు పెట్టించింది, గ్రంథాలయ యాత్రలు చేయించింది, గ్రంథాలయ సర్వస్వం పత్రిక నడిపింది.

ఏటికి ఆవలి ఒడ్డున పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1930లలో కాలువ పడవల మీద పుస్తకాలు పెట్టించారు. బస్సులు అంతగా లేని కాలం, ప్రయాణమంతా కాలువల మీదే. పడవ ఎక్కినవాడికి గంటల తరబడి వేరే పని లేదు. చేతికి ఒక పుస్తకం ఇస్తే చదువుతాడు, చదవలేనివాడికి పక్కవాడు చదివి వినిపిస్తాడు. డెల్టా నేలను ఎరిగినవాడికే తట్టే ఉపాయం అది.

1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టం, ఆపై 1960 ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చాక జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి కింద శాఖా గ్రంథాలయాలు స్థిరపడ్డాయి. మనం కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అంటే ఊళ్లో పెంకుటింటి వాడికీ, మేడ వాడికీ ఆ పుస్తకాల్లో వాటా ఉంది. ఈ సంగతి తెలిసిన వాళ్లు తక్కువ. తెలిస్తే అడిగేవాళ్లు ఎక్కువవుతారు.

గుడివాడ: నవల నుంచి తెర మీదికి

గుడివాడ పక్కన అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పురాణాలతో పోట్లాడిన కవి. పోట్లాడాలంటే ముందు వాటిని చదవాలి. ఆయన కుమారుడు గోపీచంద్ కథలు, నవలలు రాసి, సినిమాలకు మాటలు రాసి, దర్శకత్వం కూడా చేశారు. పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా నవలకు 1963లో ఆయనకు మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

గుడివాడ తాలూకా పెయ్యేరులో పుట్టిన దుక్కిపాటి మధుసూదనరావు గారు ఎక్సెల్షియర్ నాటక సమాజాన్ని నడిపారు. వెంకటరాఘవపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు ఆ నాటకాల్లో వేషాలు కట్టాడు. తరువాత దుక్కిపాటి గారు అన్నపూర్ణా పిక్చర్స్ పెట్టి తీసిన చిత్రాలను గమనించండి. తోడికోడళ్లు (1957) శరత్ బాబు నవల. డాక్టర్ చక్రవర్తి (1964) కోడూరి కౌసల్యాదేవి గారి చక్రభ్రమణం నవల. నాగేశ్వరరావు గారికి తిరుగులేని పేరు తెచ్చిన దేవదాసు (1953) కూడా శరత్ నవలే. ఆ రోజుల్లో శరత్ అనువాదాలు పల్లెటూరి గ్రంథాలయాల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేవి. శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులు ఎందరో. నిర్మాత నవల కొన్నప్పటికే ఆ కథను ప్రేమించిన ప్రేక్షకులు ఊరూరా తయారుగా ఉన్నారన్నమాట. గ్రంథాలయం కళాకారుణ్ణి తయారు చేస్తుందని అందరూ చెబుతారు. రసికుణ్ణి తయారు చేస్తుందన్నది అంతకన్నా పెద్ద మాట. రసికుడు లేని ఊళ్లో కళాకారుడు ఎన్నాళ్లు నిలబడతాడు?

ఆ రసికుల్లో ఆడవాళ్లే ఎక్కువ. మా అమ్మ ఏనాడూ శాఖా గ్రంథాలయం మెట్టెక్కలేదు. ఆ రోజుల్లో ఎక్కే వీలు లేదు. చిన్న చీటీ మీద నవల పేరు రాసి నన్ను పంపేది. లైబ్రేరియన్ గారు చీటీ చూసి, "అది బయట ఉంది, ఈలోపు ఇది చదవమను" అని ఇంకొకటి ఇచ్చేవారు. వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అమ్మకు ఏది నచ్చుతుందో ఆయనకు మాత్రం బాగా తెలుసు. ఆ నవలల్లో ఎక్కువ భాగం యద్దనపూడి సులోచనారాణి గారివి. ఆవిడ మన మొవ్వ దగ్గరి కాజ గ్రామంలో పుట్టారని తెలిసిన రోజు అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తు. "మన పక్క ఊరి పిల్లా ఇంత రాసింది!" అంది. ఆవిడ సెక్రటరీ నవల 1976లో సినిమాగా వచ్చింది, అందులో కథానాయకుడు మన నాగేశ్వరరావు గారే. అమ్మ చీటీలు దాచుకోలేదని ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఉప్పెన, ఒక పుస్తకం

1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు గురించి ఈ సంచికలో వేరేవాళ్లు రాస్తారు, నేను ఎక్కువ రాయలేను. అధికార లెక్కల ప్రకారమే పది వేల మంది వరకు పోయారు. తిరిగి బడి తెరిచిన రోజు మాస్టారు హాజరుపట్టీ తీసి కొన్ని పేర్ల దగ్గర ఆగిపోయారు, పిలవకుండానే పట్టీ మూసేశారు.

బీరువాల గదిలో ఉప్పునీరు, బురద. పుస్తకాలు ఉబ్బి అట్టలు పగిలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎండబెట్టి విడదీయాలని చూస్తే పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. నాకు తెలిసి వాటిలో మిగిలినది ఒక్కటే, చాటుపద్య మణిమంజరి. అది మిగలడానికి కారణం నా నిర్లక్ష్యం. దీపావళికి గుడివాడ మేనమామ ఇంటికి వెళ్లి అక్కడే మరిచిపోయి వచ్చాను. మాస్టారు రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ అబద్ధం చెప్పాను. ఉప్పెన తరువాత మావయ్య దాన్ని తెచ్చి ఇస్తే వణుకుతూ మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన తిట్టలేదు. అట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నారు.

అప్పటికి మన సంఘం పుట్టి ఎన్నాళ్లో కాలేదు. పాత విద్యార్థులు తలా ఇంత వేసుకుని, ఇళ్లలో ఉన్న పుస్తకాలు సంచుల్లో మోసుకొచ్చి, రెండు బీరువాలూ మళ్లీ నింపారు. సంఘం చేసిన మొదటి పెద్ద పని అదే. కొత్త రిజిస్టరులో మొదటి నంబరు చాటుపద్య మణిమంజరిది. పెదకళ్ళేపల్లి పండితుడు మద్రాసులో తాటాకుల్లోంచి ఏరి తెచ్చిన పద్యాలు ఉప్పెనను కూడా దాటి ఆ బల్ల మీదికి వచ్చాయి.

ఇప్పుడేం చేద్దాం

ఈ మధ్య బడికి వెళితే ఆ గదిలో విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. బీరువాల తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇది ఎవరి తప్పో వెదకడం నా ఉద్దేశం కాదు. అందరం ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లమే. ఫోనులో అన్నీ దొరుకుతాయి కదా అని పిల్లలు అంటారు. దొరుకుతాయి, ఏం వెదకాలో తెలిసినవాడికి. మాస్టారు మన ముఖం చూసి పుస్తకం ఎంచి ఇచ్చేవారు. ఆ పని ఫోను చేయదు.

స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు స్వాగత ద్వారం కట్టాలన్న ఆలోచన ఉంది. మంచిదే. దానికి ముందు నావి మూడు విన్నపాలు. ఒకటి, ఆ గది ఖాళీ చేసి కిటికీ పెట్టించి, రోజూ రెండు గంటలు తెరిచే మనిషికి సంఘం తరఫున జీతం ఇద్దాం. రెండు, ఒక బీరువా నిండా మన సీమ రచయితల, కళాకారుల పుస్తకాలే ఉంచుదాం. వేటూరి ప్రభాకరశాస్త్రి, విశ్వనాథ, పింగళి, కాటూరి, గోపీచంద్, యద్దనపూడి. మూడు, మన ఇళ్ల అటకల మీద ఇంకా ఉన్న నాటకాల రాతప్రతులు, హరికథల నోటుపుస్తకాలు, పాత సావనీర్లు తెచ్చి స్కాన్ చేయించి ఉంచుదాం. పెడనలో కలంకారీ అద్దకం వాళ్లు తాతల నాటి టేకు అచ్చులను పారేయరు. కొత్త చీరకు పూవు కావాలంటే ఆ అచ్చుల్లోంచే వెదుకుతారు. మన దగ్గరా అలాంటి అచ్చులే ఉన్నాయి, దుమ్ము దులపాలి అంతే.

రేపు మన బడి నుంచి ఒక పాట రాసేవాడో, బొమ్మ వేసే పిల్లో వస్తారా రారా అన్నది మన చేతిలో లేదు. వస్తే వాళ్ల చేతికి అందేటట్టు పుస్తకం ఉంచడం మన చేతిలో ఉంది. స్వర్ణోత్సవ సభకు వచ్చేటప్పుడు పూలదండలు, శాలువాలు తేకండి. మీకు ఇష్టమైన పుస్తకం ఒకటి తీసుకురండి. మొదటి పేజీలో మీ పేరు, మీరు చదివిన సంవత్సరం రాసి ఇవ్వండి. తాళంచెవి సంగతి నేను చూస్తాను.